బాండింగ్ సీసాలో ద్రావకం ఏది? ఆరు సీసాల సమీక్ష

కాంపోజిట్ (పంటి రంగు రెసిన్) ఫిల్లింగ్ చేయించుకున్న పేషెంట్ నాలుగు రోజులకే "చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది డాక్టర్ గారూ" అంటూ తిరిగొస్తే అనుమానం ముందు కాంపోజిట్ మీదికి పోతుంది, ఆ తర్వాత దాన్ని గట్టిపరిచే లైట్ మీదికి. ఫిల్లింగ్‌ను పంటికి అతికించే బాండింగ్ ఏజెంట్ లేబుల్ మీద సన్నక్షరాల్లో ఉండే ద్రావకం పేరు జోలికి ఎవరూ పోరు. కానీ ఎచింగ్ (యాసిడ్‌తో పంటి పైపొరను కరిగించడం) తర్వాత డెంటిన్‌ను (ఎనామిల్ కింది పొరను) ఎంత తడిగా వదలాలి, ఎన్ని పూతలు వేయాలి, గాలి ఎంత గట్టిగా, ఎంతసేపు కొట్టాలి అనేవి చాలావరకు ఆ పేరును బట్టే ఉంటాయి. ఒక సీసాకు సరిపోయిన పద్ధతి ఇంకో సీసాను పాడుచేస్తుంది.

అందుకే ఇక్కడ సీసాలను కంపెనీని బట్టి కాక ద్రావకాన్ని బట్టి చూస్తున్నాం. అసిటోన్‌కి ప్రైమ్ అండ్ బాండ్ ఎన్‌టి, ఇథనాల్-నీటికి అడ్పర్ సింగిల్ బాండ్ 2, టెర్ట్-బ్యూటనాల్‌కి ఎక్స్‌పీ బాండ్, నీటికి క్లియర్‌ఫిల్ ఎస్‌ఈ బాండ్, అసిటోన్-నీటికి జీ-ప్రీమియో బాండ్, యూనివర్సల్ తరహాలో (విడిగా యాసిడ్ పెట్టినా, పెట్టకపోయినా వాడదగినది) ఇథనాల్-నీటికి సింగిల్ బాండ్ యూనివర్సల్. తీర్పు ముందే చెప్పేస్తాం. ఒకే సీసా కొనే క్లినిక్ అయితే ఇథనాల్, నీరు కలిసినది కొనాలి. లోతైన క్యావిటీలు (పంటిలో తొలిచిన గుంతలు) ఎక్కువగా చేసేవాళ్లు దానితోపాటు క్లియర్‌ఫిల్ ఎస్‌ఈ లాంటి రెండు సీసాల సెట్ ఉంచుకోవాలి. అసిటోన్ సీసా మంచి సరుకే, కాకపోతే ఆదమరిస్తే క్షమించదు.

ముందు డెంటిన్ సంగతి. బరువు లెక్కన అది సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం కొలాజెన్ తదితర సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 15 సెకన్లు పెడితే పైన కొన్ని మైక్రాన్ల మేర ఖనిజమంతా కరిగిపోతుంది. మిగిలేది కొలాజెన్ పోగులు, వాటి మధ్య ఖనిజం ఉన్నచోట చేరిన నీరు. రెసిన్ ఆ సందుల్లోకి దిగి అక్కడే గట్టిపడాలి. 1982లో జపాన్‌లో నకబయాషి బృందం వివరించిన హైబ్రిడ్ లేయర్ ఇదే. ఎచ్ చేసిన డెంటిన్‌ను గాలి, నీరు కొట్టే త్రీవే సిరంజితో బాగా ఆరబెట్టేస్తే, నీళ్లలో విప్పారి ఉన్న నాచు బయటికి తీయగానే ముద్దగా అతుక్కుపోయినట్టు పోగులన్నీ కూలబడతాయి. ఇక ప్రైమర్ (ముందుగా పూసే, ద్రావకం కలిసిన ద్రవం) దిగడానికి దారి ఉండదు. 1990ల మొదట్లో జాన్ కాంకా వంటి దంతవైద్యులు తడి డెంటిన్ మీద బాండింగ్‌ను ముందుకు తెచ్చింది ఇందుకే.

తడి వదిలితే ఇంకో చిక్కు. బిస్-జీఎంఏ లాంటి రెసిన్లకు నీరంటే పడదు. అందుకని ద్రావకం మూడు పనులు చేయాలి: పోగులు కూలకుండా విడదీసి ఉంచాలి, మోనోమర్‌ను (గట్టిపడి రెసిన్‌గా మారే చిన్న అణువులను) లోపలికి మోసుకెళ్లాలి, ఆ తర్వాత నీటిని వెంటబెట్టుకుని బయటికి పోవాలి. మూడూ బాగా చేసే ద్రావకం ఇంతవరకు దొరకలేదు. ఒకటి రాగానే పారిపోతుంది, ఇంకొకటి వచ్చి తిష్ఠ వేస్తుంది.

అంకెలు చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అసిటోన్ 56 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఇథనాల్ 78, టెర్ట్-బ్యూటనాల్ 82, నీరు 100. 20 డిగ్రీల గది వేడిలో ఆవిరి పీడనం అసిటోన్‌కి 185 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటే ఇథనాల్‌కి 44, నీటికి 17.5 మాత్రమే. ఆవిరయ్యే పరుగులో అసిటోన్‌కు పోటీ లేదు. ఇక రెండో లెక్క హైడ్రోజన్ బంధాలు కలుపుకునే శక్తి. హాన్సెన్ కొలమానంలో నీటికి 42, ఇథనాల్‌కి 19, అసిటోన్‌కి 7. ఆరి కూలిన కొలాజెన్ పోగులు ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలతోనే అతుక్కుంటాయి. వాటిని విడదీయడం నీటికి సులువు, ఇథనాల్‌కి కొంతవరకు సాధ్యం, అసిటోన్ వల్ల కాదు. ఆరిపోయిన డెంటిన్ మీద అసిటోన్ సీసా ఎందుకు ఓడిపోతుందో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

ఇప్పుడు ప్రైమ్ అండ్ బాండ్ ఎన్‌టి. పెంటా అనే ఫాస్ఫేట్ మోనోమర్, సన్నని ఫిల్లర్ కణాలు అసిటోన్‌లో కలిసి ఉంటాయి. తడి డెంటిన్ మీద పడగానే అసిటోన్ నీటిలో కలిసి, దాన్ని వెంటేసుకుని ఆవిరవుతుంది. నీటిని తరమడంలో దీనికి సాటి లేదు. పద్ధతి: ఎచ్ చేసి కడిగాక డెంటిన్ మెరుస్తూ ఉండగానే మైక్రోబ్రష్ నిండుగా ముంచి క్యావిటీ అంతా తడిసేలా పూయాలి. 20 సెకన్లపాటు ఉపరితలం తడిగానే ఉండాలి. తర్వాత 5 సెకన్లు మెల్లగా గాలి, 10 సెకన్లు లైట్. చూడాల్సింది ఒక్కటే: గోడలన్నీ సమానంగా మెరవాలి. ఎక్కడైనా సున్నం కొట్టినట్టు మసకగా కనిపిస్తే అక్కడ రెసిన్ చాలలేదు, ఇంకో పూత వేయాలి. అసిటోన్ సీసాల్లో ద్రావకం వాటా ఎక్కువ కాబట్టి ఒక్కో పూతలో మిగిలే రెసిన్ పలుచన. పొదుపు చేసి బ్రష్ తుడిచి పూసే అలవాటు ఈ సీసాకు పనికిరాదు.

ఇది చెడేది ఎక్కువగా నోట్లో కాదు, ట్రే మీద. అసిస్టెంట్ ముందే డాపెన్ డిష్ అనే చిన్న గిన్నెలో రెండు చుక్కలు వేసి ఉంచుతారు. డాక్టర్ ఎచ్ చేసి, కడిగి, సక్షన్ పెట్టి, అద్ది, బ్రష్ ముంచేసరికి అసిటోన్‌లో చాలా భాగం గాలిలో కలిసిపోయి డిష్‌లో చిక్కటి రెసిన్ మిగులుతుంది. దానికి తడి డెంటిన్‌లోకి దిగే సత్తువ ఉండదు, నీటిని తరిమే శక్తీ ఉండదు. చుక్క వేయడం కడగడం పూర్తయ్యాకే జరగాలి, మూత మరుక్షణమే పడాలి. ఏసీ గాలి నేరుగా ట్రే మీదికి కొట్టే గదిలో ఇంకా జాగ్రత్త. నీళ్లు మడుగుగా మిగిలిపోతే అదీ నష్టమే: అసిటోన్ పలచబడి రెసిన్ చిన్న ఉండలుగా విడిపోతుంది, డెంటిన్‌లోని సన్నని నాళికల నోళ్లు సరిగా మూసుకోవు. పేషెంట్ కొరికినప్పుడు ఆ నాళికల్లో ద్రవం కదులుతుంది, జివ్వుమనడం అక్కడి నుంచే.

మొత్తానికి అసిటోన్‌కు అటు ఆరినా కష్టం, ఇటు తడి ఎక్కువైనా కష్టం. మధ్యలో పని జరిగే సందు చాలా ఇరుకు.

ఆ సందులో నిలబడాలంటే తడి అద్దడం చేతనవ్వాలి, ఇది ఎచ్ చేసి కడిగే పద్ధతి అంతటికీ పనికొచ్చేదే. యాసిడ్ కడిగాక సిరంజి గాలి డెంటిన్ మీదికి కొట్టకూడదు. సక్షన్ మొనను క్యావిటీ అంచు దగ్గర పెట్టి నిలిచిన నీరు లాగించాలి. ఆపైన తడిపి పిండేసిన చిన్న కాటన్ పెల్లెట్‌తో అద్దాలి, రుద్దకూడదు. ఆరిన పెల్లెట్ అయితే డెంటిన్‌లో ఉండాల్సిన తడిని కూడా లాగేస్తుంది. క్లాస్ 2 క్యావిటీలో (వెనక పంటిలో పక్క పంటికి ఆనే వైపున్న గుంతలో) ప్రాక్సిమల్ బాక్స్ అడుగున, పంటి చుట్టూ కట్టే మ్యాట్రిక్స్ బ్యాండ్ కలిసే మూలలో నీటి బొట్టు దాక్కుంటుంది. పెల్లెట్ అక్కడికి చేరదు. రూట్ కెనాల్‌కి వాడే పేపర్ పాయింట్‌ను (సన్నని కాగితపు పుల్లను) ఆ మూలలో ఆనిస్తే బొట్టు దానంతట అదే పైకి పాకుతుంది. డెంటిన్ తడిగా ఉంటే ఎనామిల్ సుద్దలా తెల్లబడిందో లేదో కనిపించదు. తప్పక చూడాలనుకుంటే ఒకసారి ఆరబెట్టి చూసుకుని, నీటిలో ముంచిన పెల్లెట్‌తో డెంటిన్‌ను 15 నుంచి 30 సెకన్లు తిరిగి తడిపి, మళ్లీ అద్దాలి. పొరపాటున ఎక్కువ ఆరిపోయినా మందు ఇదే. నీటికి బదులు 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ వాడితే ఇంకో లాభం: ఏళ్లు గడిచేకొద్దీ హైబ్రిడ్ లేయర్‌లో రెసిన్ అందని కొలాజెన్‌ను తినేసే ఎంఎంపీ ఎంజైమ్‌లను అది కొంత అదుపు చేస్తుంది. 30 సెకన్లు ఉంచి అద్దాలి, కడగనక్కర్లేదు.

అడ్పర్ సింగిల్ బాండ్ 2 స్వభావం వేరు. ఇథనాల్, నీరు, హెమా (నీటితో కలిసే చిన్న మోనోమర్), బిస్-జీఎంఏ, పాలీఆల్కెనోయిక్ కోపాలిమర్, బరువులో 10 శాతం 5 నానోమీటర్ల సిలికా. సీసాలోనే నీరు ఉండటంతో, డెంటిన్ కాస్త ఆరినా ఆ నీరు పోగులను మళ్లీ కొంత విప్పుతుంది. అసిటోన్ సీసాకు లేని ఓర్పు దీనికి వచ్చేది ఇక్కడే. ఎచ్ 15 సెకన్లు, కడగడం 10 సెకన్లు, అద్దడం, ఆపైన వరుసగా 2 లేదా 3 పూతలు, 15 సెకన్లపాటు బ్రష్‌ను మెల్లగా కదుపుతూ. తర్వాత 5 సెకన్లు మెల్లని గాలి, 10 సెకన్లు లైట్. బ్రష్ కదపడం లాంఛనం అనుకోవద్దు. నిలిచి ఉన్న ద్రావణం కింద నీరు పేరుకుపోతుంది, బ్రష్ కదిలినకొద్దీ కింది నీరు పైకి, పై మోనోమర్ కిందికి మారుతూ ఉంటాయి.

దీని బలహీనత చివర్లో బయటపడుతుంది. హెమా నీటితో సఖ్యంగా ఉండి దాని ఆవిరి పీడనాన్ని తగ్గిస్తుంది. ఇథనాల్ ముందుగా పోతుంది, నీరు వెనకబడుతుంది, పూత చిక్కబడేకొద్దీ ఆ మిగిలిన నీరు బయటపడటం ఇంకా కష్టమవుతుంది. 5 సెకన్లు అని రాసి ఉంది కదా అని గడియారం చూసి ఆపేస్తే లోతైన క్యావిటీలో సరిపోకపోవచ్చు. సెకన్లతోపాటు పూతను చూడాలి: గాలి తగిలినా అలలు కదలకుండా ఉండాలి. ఇంకా పాకుతోందంటే ద్రావకం మిగిలి ఉన్నట్టే, ఇంకో 5 నుంచి 10 సెకన్లు కొట్టాలి. ద్రావకం లోపల ఉండగా లైట్ పెడితే రెసిన్ సరిగా గట్టిపడదు. నీటి జాడలున్న చోట సన్నని కాలువలు మిగిలి, కాలక్రమంలో అక్కడి నుంచే రెసిన్ నీటితో విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఫిల్లింగ్ వేసిన రోజు బలం పరీక్షించినా ఇది బయటపడదు. అంచున గోధుమ గీత వచ్చిన రోజు బయటపడుతుంది.

గాలి మొదట కాస్త దూరం నుంచి, బలహీనంగా మొదలవ్వాలి. పూత కదలడం తగ్గేకొద్దీ దగ్గరికి తెచ్చి బలం పెంచాలి. మొదటే గట్టిగా కొడితే పూత గోడల మీద నుంచి జారి మూలల్లో మడుగు కడుతుంది. ఒక చోట రెసిన్ అసలు లేక, ఇంకోచోట మందంగా పేరుకుంటుంది. ఆ మందం ఎక్స్‌రేలో ఫిల్లింగ్ కింద నల్లని గీతలా కనబడి, తర్వాత చూసిన డాక్టర్ దాన్ని సెకండరీ క్యారీస్ (ఫిల్లింగ్ కింద మళ్లీ వచ్చిన పుచ్చు) అనుకుని ఫిల్లింగ్ తీసేసే ప్రమాదం కూడా ఉంది.

జీ-ప్రీమియో బాండ్ దగ్గర ఈ మాటంతా తిరగేయాలి. ఇందులో హెమా లేదు. అసిటోన్, నీరు, ఆమ్ల మోనోమర్లు ఉంటాయి, పీహెచ్ 1.5 చుట్టూ. హెమా లేనందువల్ల, అసిటోన్ ఆవిరవుతూ ఉండగా నీరు, రెసిన్ కలిసి ఉండలేక విడిపోతాయి. పూతలో నీటి బొట్లు తేలతాయి. మెల్లగా ఆరబెడితే ఆ బొట్లు అక్కడే చిక్కుకుంటాయి. అందుకే తయారీదారు చెప్పేది: పూసి 10 సెకన్లు ఆగి, 5 సెకన్లు గరిష్ఠ బలంతో గాలి కొట్టి, ఆపై 10 సెకన్లు లైట్. మెల్లని గాలికి అలవాటుపడిన చేయి ఈ సీసాను పాడుచేస్తుంది. ద్రవం చిమ్ముతుంది కాబట్టి హై వాల్యూమ్ సక్షన్ పక్కనే పట్టాలి, పేషెంట్ కళ్లకు అద్దాలు ఉండాలి. రబ్బర్ డ్యామ్ (పంటిని విడిగా ఉంచే రబ్బరు తెర) లేకుండా ఇది వాడటం చిగురుకు మంచిది కాదు. హెమాకు అలర్జీ వచ్చిన సిబ్బంది ఉన్న క్లినిక్‌కి మాత్రం ఇది పెద్ద ఊరట. హెమా సన్నని లాటెక్స్ గ్లౌజును కొన్ని నిమిషాల్లోనే దాటుకుని వేలికి తగులుతుందని మరవొద్దు.

ఎక్స్‌పీ బాండ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. టెర్ట్-బ్యూటనాల్ ఇథనాల్ కంటే కాస్త నెమ్మదిగా ఆవిరవుతుంది, కాబట్టి డిష్‌లో ఎక్కువసేపు నిలుస్తుంది, ఇథనాల్ సీసాలానే తడి తేడాలను కొంత ఓర్చుకుంటుంది. 20 సెకన్లు ఉంచి, కనీసం 5 సెకన్లు గాలి, 10 సెకన్లు లైట్. చిక్కదనం కాస్త ఎక్కువ, అందుకే ఎండుతోందా లేదా కంటితో తేల్చుకోవడం కొత్తవాళ్లకు కష్టం. మంచి సీసా. సింగిల్ బాండ్ 2 ఇప్పటికే వాడేవాళ్లు దీనికి మారాల్సిన కారణం మాత్రం కనబడదు.

క్లియర్‌ఫిల్ ఎస్‌ఈ బాండ్‌లో యాసిడ్ కడగడమే లేదు. మొదటి సీసాలో నీరు, హెమా, 10-ఎండీపీ అనే ఆమ్ల మోనోమర్ ఉంటాయి. ఇక్కడ నీరు మోసుకెళ్లేవాడిగానే కాక, ఆమ్ల మోనోమర్‌ను అయాన్లుగా విడదీసి పని చేయించడానికి కూడా కావాలి. నీరు లేకపోతే ఎచింగే జరగదు. ఎండీపీ డెంటిన్‌లో మిగిలిన కాల్షియంతో నిలకడైన బంధం కట్టుకుంటుంది. కొలాజెన్ పూర్తిగా బోడిగా బయటపడదు కాబట్టి కూలిపోతుందన్న బెంగ తక్కువ. ప్రైమర్ 20 సెకన్లు, గాలితో ఆరబెట్టడం, రెండో సీసా బాండ్, 10 సెకన్లు లైట్. పంటి గుజ్జుకు (పల్ప్‌కు) దగ్గరలో చదరపు మిల్లీమీటరుకు 45 వేల నాళికలు, ఎనామిల్ దాపున 20 వేలు అన్నది పాఠ్యపుస్తకాల లెక్క. లోతుకు వెళ్లేకొద్దీ తడి పైకి ఉబికి వస్తూనే ఉంటుంది, అద్దినా మళ్లీ వస్తుంది. అక్కడ ఎచ్ చేసి కడిగే సీసాల కంటే ఇదే నమ్మకం. నాళికలను మూసి ఉంచే స్మియర్ పొరను (డ్రిల్ వదిలిన పొడి పూతను) ఇది కడిగేయదు, తనలో కలుపుకుంటుంది.

దీని లోపం ఎనామిల్ దగ్గర. డ్రిల్ తగలని ఎనామిల్ మీద దీని ఆమ్లం చాలదు. అంచుకు 37 శాతం యాసిడ్‌ను 15 సెకన్లు విడిగా పెట్టి, కడిగి, ఆ తర్వాత ప్రైమర్ పూయాలి. యాసిడ్ జెల్ డెంటిన్ మీదికి జారకుండా చూసుకోవాలి. సన్నని సూది మొనతో అంచునే పెడితే జారదు. మరో పొరపాటు ప్రైమర్ ఆరబెట్టడంలో తొందర. నీరు అన్నిటికంటే నెమ్మదిగా పోయే ద్రావకం, ఓపిక ఇక్కడే కావాలి. ప్రైమర్‌ను కడగకూడదు, అది కూడా చేసేవాళ్లున్నారు.

సింగిల్ బాండ్ యూనివర్సల్, కొన్ని దేశాల్లో స్కాచ్‌బాండ్ యూనివర్సల్ పేరుతో అమ్మేది, ఇథనాల్-నీటి సీసానే, ఎండీపీ, సైలేన్ (పింగాణీకి అతకడానికి తోడ్పడే రసాయనం) అదనం. పీహెచ్ 2.7 దాకా. ఎచ్ చేసిన డెంటిన్ తడిగా ఉన్నా, ఆరి ఉన్నా ఒప్పుకుంటుంది. 20 సెకన్లు రుద్దాలి, 5 సెకన్లు గాలి, 10 సెకన్లు లైట్. ఒకే సీసా కొనే క్లినిక్‌కి మా మొదటి ఎంపిక ఇదే. ఈ తరహా సీసాలన్నిట్లో ఆమ్లం, నీరు, ద్రావకం, రెసిన్ ఒకే చోట ఉన్నాయి కాబట్టి 20 సెకన్లు రుద్దడాన్ని 5కి కుదిస్తే ఎచింగూ జరగదు, లోపలికి దిగడమూ జరగదు. పైన డ్యూయల్ క్యూర్ లేదా సెల్ఫ్ క్యూర్ కోర్ (లైట్ లేకపోయినా దానంతట అదే గట్టిపడే పదార్థం) పెట్టేటప్పుడు పూతలోని ఆమ్లం ఆ పదార్థాన్ని గట్టిపరిచే అమైన్‌ను చంపేస్తుంది, కాబట్టి తయారీదారు చెప్పిన యాక్టివేటర్ కలపాలి.

ఎంత మంచి సీసా కొన్నా త్రీవే సిరంజిలో నీరు, నూనె వస్తుంటే డబ్బు వృథా. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల తేమలో కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరడం మామూలే. ప్రతి ఉదయం అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వ్ తెరిచి నీరు వదిలేయాలి. బాండింగ్‌కి ముందు సిరంజి గాలిని ఆరిన మౌత్ మిర్రర్ మీదికి 5 సెకన్లు కొట్టి చూడండి. మంచు పట్టినా, చుక్క పడినా, టిష్యూ కాగితం మీద జిడ్డు మచ్చ పడినా ఆ గాలితో బాండింగ్ చేయకూడదు.

ఇథనాల్ తడి బాండింగ్ అని ఇంకొకటి ఉంది: ఎచ్ చేసిన డెంటిన్‌లో నీటిని క్రమంగా ఇథనాల్‌తో మార్చి, తర్వాత నీరంటే పడని రెసిన్ పూయడం. ల్యాబ్‌లో ఫలితం చాలా బాగుంటుంది. కుర్చీలో నాళికల నుంచి ద్రవం ఊరుతూ ఉండటం, సమయం ఎక్కువ పట్టడం వల్ల రోజువారీ పనికి ఇంకా రాలేదు. ఎవరైనా ప్రయత్నిస్తే అబ్సల్యూట్ ఆల్కహాల్‌తోనే చేయాలి. సర్జికల్ స్పిరిట్ పనికిరాదు, అందులో నీరూ ఉంటుంది, కలిపిన ఇతర పదార్థాలూ ఉంటాయి.

ఇక నిల్వ. రామగుండం, రెంటచింతల వేసవిలో కరెంటు పోయిన క్లినిక్ గది 40 డిగ్రీలు దాటుతుంది. అసిటోన్ సీసా మూత వదులుగా ఉంటే నెలలోనే చిక్కబడుతుంది. లేబుల్ మీద రాసిన వేడిమిలోనే ఉంచాలి. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన సీసాను పూసే ముందు బయటికి తీసి గది వేడికి రానివ్వాలి. చల్లటి సీసాలో ద్రావకం సరిగా ఆవిరి కాదు, ద్రవం చిక్కగా ఉండి సందుల్లోకి దిగదు. తెరిచిన తేదీ సీసా మీద పెన్నుతో రాయండి. అనుమానం వస్తే గాజు పలక మీద ఒక చుక్క వేసి పలకను వంచండి. అసిటోన్ చుక్క వెంటనే పలుచగా పరుచుకోవాలి. తేనెలా సాగితే, బ్రష్ ఎత్తినప్పుడు తీగ లాగితే, గడువు తేదీ ఇంకా ఎంత దూరం ఉన్నా ఆ సీసాను పారేయాల్సిందే.